ఆగస్టు ఎన్‌ఎఫ్‌ఎల్ వార్తల్లో ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి: పార్సన్స్ ట్రేడ్ సాక్షిగా

మీరు అడిగింది ఇది. ఫ్రిస్కోలో ఉంటున్నారు, ఆఫీసు వాళ్ళతో కలిసి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్టు డల్లాస్ కౌబాయ్స్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టారు. ఆగస్టు వచ్చేసరికి ప్రీసీజన్ (అసలు సీజన్‌కి ముందు ఆడే సన్నాహక) మ్యాచ్‌లు, కట్‌లు, వేవర్స్, ట్రేడ్‌లు (ఆటగాళ్ళ మార్పిడి) అంటూ రోజుకో వార్త, దేనికెంత విలువివ్వాలో తెలియట్లేదు. పైగా 2025లో కౌబాయ్స్ డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్ అంతటివాణ్ణి సీజన్‌కి వారం ముందు గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఎందుకిచ్చేశారని ఎవరినడిగినా తిట్లే గానీ జవాబు రావట్లేదు.

ముందు స్కోరు సంగతి, ఎందుకంటే అది తొందరగా తేలిపోతుంది. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకి నాలుగూ గెలిచి, అసలు సీజన్లో పదహారుకి పదహారూ ఓడిపోయింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా అచ్చం అంతే. బాల్టిమోర్ రేవెన్స్ 2016 నుంచి 2023 దాకా వరసగా 24 ప్రీసీజన్ మ్యాచ్‌లు గెలిచింది. ఆ ఏళ్ళలో ఒక్క సూపర్ బౌల్ కూడా రాలేదు. మెయిన్ ఆటగాళ్ళు ఒకటి రెండు డ్రైవ్‌లు (బంతి తమ చేతిలో ఉన్నంతసేపు సాగే దాడి) ఆడి టోపీ పెట్టుకుని గట్టు మీద నిలబడతారు, చాలామంది అసలు దిగరు. కోచ్‌లు తమ ప్లేబుక్‌లో మొదటి నాలుగు పేజీలు దాటి ఏదీ బయటపెట్టరు. మొదటి ప్రీసీజన్ మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) రెండు టచ్‌డౌన్లు వేశాడని 'వీణ్ణే స్టార్టర్ చెయ్యండి' అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

మరి మ్యాచ్‌లో ఏం చూడాలి? ఎవరు ఎప్పుడు దిగారు, ఎదురుగా ఎవరున్నారు. ఒక రిసీవర్ నాలుగో క్వార్టర్‌లో ఆరు క్యాచ్‌లు పట్టాడంటే, అతన్ని కాపలా కాసిన కార్నర్‌బ్యాక్ వారం తర్వాత ఉద్యోగం వెతుక్కునేవాడై ఉండొచ్చు. అదే రిసీవర్ రెండో క్వార్టర్‌లో ఒక్క క్యాచ్ పట్టి, మధ్యలో పంట్ టీమ్‌లో (బంతిని దూరంగా తన్నేసేటప్పుడు దిగే దళం) చివర గన్నర్‌గా, అంటే బంతి పట్టేవాడి మీదికి ముందుగా దూసుకెళ్ళేవాడిగా, పరిగెత్తాడనుకోండి, అతని పేరు రాసిపెట్టుకోండి. 53 మంది రోస్టర్‌లో మ్యాచ్ రోజు బట్టలేసుకునేది 48 మందే, అదీ ఎనిమిది మంది ఆఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే, లేకపోతే 47. అంచేత ఐదో రిసీవర్, నాలుగో లైన్‌బ్యాకర్, మూడో రన్నింగ్ బ్యాక్ వీళ్ళందరికీ స్పెషల్ టీమ్స్ (బంతిని తన్నే ఆటలప్పుడు దిగే దళం) పని రాకపోతే చోటు లేదు. 2024లో కిక్‌ఆఫ్ పద్ధతి మారింది. 2025లో, బంతి నేరుగా ఎండ్ జోన్‌లో (మైదానం చివరి పట్టీలో) పడి టచ్‌బ్యాక్ అయితే, అంటే ఎవరూ పరిగెత్తకుండా ఆగిపోతే, 35వ గజం నుంచి మొదలన్నారు. అంత దూరం ఉచితంగా ఇచ్చేకన్నా బంతి పట్టుకుని పరిగెత్తనివ్వడమే నయమని జట్లు బంతిని ఎండ్ జోన్‌కి ముందే వేస్తున్నాయి. దాంతో, రిటర్న్ చెయ్యగలిగే కుర్రాడికి మూడేళ్ళ క్రితం లేని గిరాకీ ఇప్పుడుంది.

మ్యాచ్ అయ్యాక యార్డుల పట్టిక కాకుండా స్నాప్ లెక్క (ఎన్ని ఎత్తుల్లో మైదానంలో ఉన్నాడో) చూడండి. మొదటి వరుస క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి ఆడిన పదిహేను స్నాప్‌లు, చివర్లో ఆడిన నలభై స్నాప్‌లకన్నా బరువు. స్టార్లు బొత్తిగా ఆడకుండా కూర్చుంటే అది మంచి కబురు. చోటు ఖాయం అయినవాణ్ణే దాస్తారు. కోచ్‌లకి అసలు పరీక్ష టీవీలో వచ్చే మ్యాచ్ కాదు, వారం మధ్యలో రెండు జట్లు కలిసి చేసే ప్రాక్టీసు. అక్కడ మొదటి వరుసకి మొదటి వరుసే ఎదురు నిలుస్తుంది. ఆ ప్రాక్టీసు నుంచి స్థానిక విలేకరి రాసే నాలుగు లైన్లు మ్యాచ్ మొత్తంకన్నా ఎక్కువ చెప్తాయి. 'అనధికారిక డెప్త్ చార్ట్' (ఏ స్థానంలో ఎవరు ముందు, ఎవరు వెనక అనే పట్టిక) అని జట్టు వెబ్‌సైట్లో పెట్టేదాన్ని మాత్రం పట్టించుకోకండి. దాన్ని చాలాచోట్ల పీఆర్ విభాగం తయారుచేస్తుంది. సీనియర్లని నొప్పించకుండా రాసిన పెళ్ళిపత్రిక లాంటిది.

ఇక కోత రోజు. ప్రీసీజన్‌లో ఒక్కో జట్టుకి మూడు మ్యాచ్‌లు, క్యాంటన్‌లో హాల్ ఆఫ్ ఫేమ్ మ్యాచ్ ఆడే రెండు జట్లకి నాలుగు. అవి కాగానే 90 మందిని 53కి తగ్గించాలి. 2023 నుంచి ఇదంతా ఒకే గడువులో జరుగుతోంది. 2025లో అది ఆగస్టు 26, మంగళవారం, ఈస్టర్న్ సమయం సాయంత్రం 4. మీ ఫ్రిస్కోలో 3 గంటలు, హైదరాబాద్‌లో ఉన్న మీ తమ్ముడికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర.

ఆ గడువుకి వెలువడే జాబితా చూసి చాలామంది పొరబడతారు. నాలుగు సీజన్ల సర్వీసు లేనివాణ్ణి తీసేస్తే వేవర్స్‌లోకి వెళ్తాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా మిగతా 31 జట్లలో ఎవరైనా క్లెయిమ్ వేయొచ్చు. ఇద్దరు వేస్తే, కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకి దక్కుతాడు. క్లెయిమ్ చేసిన జట్టు అతని కాంట్రాక్టుని యథాతథంగా తీసుకుని తన 53లో పెట్టుకోవాలి, అంటే ఇంకొకణ్ణి తీసెయ్యాలి. అందుకే వందల మందిని తీసేసినా క్లెయిమ్ అయ్యేది కొందరే. ఎవరూ అడగనివాణ్ణి పాత జట్టే 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి పిలుస్తుంది. 'మంచి కుర్రాణ్ణి పోగొట్టుకున్నార్రా' అని మంగళవారం ఏడ్చిన అభిమాని బుధవారం రాత్రికి అతన్ని అదే జట్టులో చూస్తాడు. ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే జైలు కాదు లెండి. ఏ జట్టైనా తన 53లోకి తీసుకుంటానంటే అతను వెళ్ళిపోవచ్చు. ఉన్న జట్టు కూడా అతన్ని సీజన్లో మూడుసార్లు మ్యాచ్ రోజుకి పైకి తెచ్చి మళ్ళీ కిందికి పంపొచ్చు.

నాలుగు సీజన్లు నిండినవాడి కథ వేరు. అతన్ని వదిలేస్తే వేవర్స్ లేదు, ఆ క్షణం నుంచే స్వేచ్ఛ. ఇక్కడే జట్లు ఒక చిన్న మడతపేచీ వేస్తాయి. గాయపడ్డ ఆటగాణ్ణి కోతకి ముందే ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ళ జాబితాలో) పెడితే సీజన్ మొత్తం పోతుంది (2024 నుంచి ఇద్దరికి మాత్రం మినహాయింపు ఉంది). 53లో ఒక్క రోజు ఉంచి, ఆ తర్వాత పెడితే నాలుగు మ్యాచ్‌ల తర్వాత వెనక్కి తెచ్చుకోవచ్చు. మరి ఆ ఒక్క రోజుకి చోటెక్కడిది? వేవర్స్ భయం లేని ఒక వెటరన్‌ని మంగళవారం 'తీసేస్తారు', మాట ముందే అనుకుని ఉంటారు. గురువారానికి గాయపడ్డవాడు లిస్టులోకి, వెటరన్ మళ్ళీ జట్టులోకి. ఇంకోటి కూడా ఉంది: మొదటి వారం మ్యాచ్ రోస్టర్‌లో ఉన్న వెటరన్‌కి ఆ ఏడాది జీతం దాదాపు గ్యారంటీ అయిపోతుంది. కాబట్టి కొందర్ని రెండో వారంలో మళ్ళీ పిలుస్తారు. కోత రోజు ఒక ముప్ఫై రెండేళ్ళ గార్డ్ పేరు చూసి కంగారు పడాల్సిన పని లేదు, వారం ఆగండి.

గాయాల భాష కూడా నేర్చుకోవాలి. క్యాంపులో 'పప్ లిస్ట్' అంటే ఇంకా ఫిట్ కాలేదని, ఏ రోజైనా బయటికి రావొచ్చు. కోత రోజు దాకా అందులోనే ఉండి 'రిజర్వ్ పప్'కి మారితే కనీసం నాలుగు మ్యాచ్‌లు పోయినట్టే. 'డే టు డే' అంటే నిజంగా చిన్నది. 'వీక్ టు వీక్' అంటే మూడు వారాలకి తక్కువ అనుకోకండి. ఏ లిస్టులోనూ చెప్పని గాయం ఒకటుంది: కాంట్రాక్టు గొడవలో ఉన్నవాడికి నడుం పట్టేయడం. ఇది వెటకారం కాదు, లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య 2020లో కుదిరిన ఒప్పందం తెచ్చిన రోగం. రూకీ కాంట్రాక్టు (లీగ్‌లో చేరినప్పటి మొదటి కాంట్రాక్టు) దాటినవాడు క్యాంపు ఎగ్గొడితే రోజుకి 50,000 డాలర్ల జరిమానా, దాన్ని జట్టు మాఫీ చేయడానికి కూడా వీల్లేదు. అందుకని ఆటగాళ్ళు క్యాంపుకి వస్తారు, మీటింగుల్లో కూర్చుంటారు, ప్రాక్టీసు మాత్రం చెయ్యరు. దీన్నే హోల్డ్-ఇన్ అంటున్నారు. 2021లో పిట్స్‌బర్గ్‌లో టి.జె. వాట్ ఇలా చేసి కాంట్రాక్టు సంపాదించాక అందరికీ దారి దొరికింది.

పార్సన్స్ దగ్గరికి ఇప్పుడొద్దాం, ఎందుకంటే పైన చెప్పినవన్నీ ఆ ఒక్క నెలలో కనిపించాయి.

అతను 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) 12వ పిక్, అంటే పన్నెండో వంతులో ఎంపికైనవాడు. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), ఏ ఏడూ పన్నెండుకి తగ్గలేదు. 2025లో ఐదో ఏడాది ఆప్షన్ (నాలుగేళ్ళ రూకీ కాంట్రాక్టుని జట్టు ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కింద దాదాపు 2.4 కోట్ల డాలర్ల జీతం మీద ఉన్నాడు. యజమాని జెర్రీ జోన్స్ వసంతంలోనే ఏజెంట్ డేవిడ్ ములుగెటా లేకుండా పార్సన్స్‌తో నేరుగా మాట్లాడి, అంకెలు కుదిరాయనుకున్నాడు. ఆటగాడి పక్షం అది బేరమే కాదంది. ఆగస్టు 1న పార్సన్స్ ట్రేడ్ చెయ్యమని బహిరంగంగా రాశాడు. ఆక్స్‌నార్డ్ క్యాంపులో అభిమానులు 'పే మైకా' అని అరిచారు. అట్లాంటాతో చివరి ప్రీసీజన్ మ్యాచ్ జరుగుతుంటే సైడ్‌లైన్‌లో ట్రైనర్ల బల్ల మీద పడుకున్న అతని ఫొటో దేశమంతా తిరిగింది. ఆగస్టు 28న ట్రేడ్: 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, వాటితో డిఫెన్సివ్ ట్యాకిల్ కెన్నీ క్లార్క్ డల్లాస్‌కి. గ్రీన్ బే పార్సన్స్‌కి నాలుగేళ్ళకి 18.8 కోట్ల డాలర్లిచ్చింది, అందులో సంతకం పెట్టిన రోజే గ్యారంటీ 12 కోట్లు.

'ఎందుకిచ్చేశారు' అన్నదానికి సగం జవాబు ఆలస్యంలో ఉంది. ఎడ్జ్ రషర్ల (పార్సన్స్‌లా అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్ళేవాళ్ళ) ధర ఆ ఏడాది ఎలా ఎక్కిందో చూడండి. మార్చి మొదటి వారంలో మాక్స్ క్రాస్బీకి ఏడాదికి 3.55 కోట్లు. కొద్ది రోజులకే మైల్స్ గ్యారెట్‌కి 4 కోట్లు. జులైలో టి.జె. వాట్‌కి 4.1. ఆగస్టు చివర పార్సన్స్‌కి 4.7. మెట్టుమెట్టుకీ బంగారం రేటు పెరుగుతుంటే, పెళ్ళి ముహూర్తం దాకా గొలుసు కొనకుండా కూర్చున్నట్టయింది. కౌబాయ్స్‌కి ఇది కొత్తా కాదు: 2024లో సీడీ ల్యాంబ్ కాంట్రాక్టు ఆగస్టు 26న తేలింది, డాక్ ప్రెస్కాట్‌ది ఏకంగా సీజన్ మొదటి మ్యాచ్ రోజు పొద్దున. ఆ రెండుసార్లూ ఆఖరికి సంతకాలు పడ్డాయి కాబట్టి మూడోసారి కూడా పడుతుందనుకున్నారు.

మిగతా సగం జవాబు శాలరీ క్యాప్ (ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ళ మీద పెట్టగల ఖర్చు పరిమితి) లెక్కలో ఉంది. ఇది అభిమానుల వాదనల్లో దాదాపు ఎప్పుడూ రాదు. ఐపీఎల్‌లా ఇక్కడ వేలం లేదు; ఆటగాడితో పాటు అతని కాంట్రాక్టు కొత్త జట్టుకి వెళ్తుంది, నో-ట్రేడ్ క్లాజ్ (నన్ను అడక్కుండా ట్రేడ్ చెయ్యకూడదన్న షరతు) లేకపోతే అతని అనుమతీ అక్కర్లేదు. కానీ సైనింగ్ బోనస్ మాత్రం ఇచ్చినవాడి ఖాతాలోనే ఉండిపోతుంది. ఒకడికి ఐదేళ్ళ కాంట్రాక్టు మీద 5 కోట్ల బోనస్ ఇచ్చారనుకోండి. క్యాప్ లెక్కలో ఏడాదికి కోటి చొప్పున పంచుతారు, ఐదేళ్ళకి మించి పంచడానికి లేదు. రెండేళ్ళయ్యాక ట్రేడ్ చేస్తే ఇంకా రాయని 3 కోట్లు ఆ జట్టు మీద డెడ్ మనీగా (లేని ఆటగాడి పేరున క్యాప్‌లో పడే భారంగా) పడతాయి. జూన్ 1కి ముందైతే మూడూ ఆ ఏడాదే. ఆ తర్వాతైతే కోటి ఈ ఏడు, రెండు కోట్లు వచ్చే ఏడు. ట్రేడ్‌లు ఆగస్టులో ముదరడానికి ఈ తేదీ ఒక కారణం.

ఇప్పుడు పార్సన్స్‌కి ఆ లెక్క వేయండి. రూకీ బోనస్ నాలుగేళ్ళకే పంచారు, అది 2024తో అయిపోయింది. ఐదో ఏడాది ఆప్షన్‌లో బోనస్ ఉండదు, అంతా జీతమే. అంటే డల్లాస్‌కి డెడ్ మనీ ఏమీ మిగల్లేదు, పైగా 2025 క్యాప్ 27.92 కోట్లలో సుమారు 2.4 కోట్లు ఖాళీ అయ్యాయి. ఒక సూపర్‌స్టార్‌ని పైసా శిక్ష లేకుండా వదిలించుకోగలిగే ఏడాది అతని కెరీర్లో అదొక్కటే. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పడిన మర్నాటి నుంచి ఆ దారి మూసుకుపోయేది.

ధర సంగతి? ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను: తక్కువకే ఇచ్చారు. 'రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు' అన్న మాట వినడానికి బరువుగా ఉంటుంది గానీ, ఎవరి పిక్‌లో అడగాలి. కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరు మీద తొంభైల నుంచి నడుస్తున్న పాయింట్ల పట్టికలో మొదటి పిక్ 3000, 16వది 1000, 25వది 720, 32వది 590. ప్లేఆఫ్స్‌కి వెళ్ళే జట్టు పిక్ ఇరవైల్లో ఉంటుంది, పార్సన్స్ చేరిన జట్టు ఇంకా కిందకే పోవాలి. పైగా, ఏడాది ఆలస్యంగా వచ్చే పిక్‌ని బేరంలో ఒక రౌండ్ తక్కువగా కట్టడం మామూలు. అలా చూస్తే కాగితం మీద రెండు ఫస్ట్‌లు, చేతికొచ్చేది ఒకటిన్నర. క్లార్క్ మంచి ఆటగాడే. రన్ ఆపడంలో కౌబాయ్స్‌కి కన్నం ఉన్నదీ నిజమే, జోన్స్ కూడా అదే చెప్పాడు. కాకపోతే 29 ఏళ్ళ ట్యాకిల్‌నీ 26 ఏళ్ళ పాస్ రషర్‌నీ ఒక తక్కెడలో పెట్టలేం.

దీనికి పాత కేసొకటుంది. 2018 సెప్టెంబరు 1న రైడర్స్ ఖలీల్ మ్యాక్‌ని బేర్స్‌కి ఇచ్చింది, అప్పుడూ సీజన్ ముంగిటే. రెండు ఫస్ట్‌లు, ఒక థర్డ్, ఒక సిక్స్త్ వచ్చాయి. తిరిగి ఒక సెకండ్, షరతుతో ఒక ఫిఫ్త్ ఇచ్చారు. ఆ రెండు ఫస్ట్‌లలో ఒకటి రన్నింగ్ బ్యాక్ జోష్ జేకబ్స్ అయ్యాడు, మంచి పిక్. రెండోది కార్నర్‌బ్యాక్ డేమన్ ఆర్నెట్; రెండో సీజన్ మధ్యలోనే అతన్ని వదిలేశారు. ఫస్ట్ రౌండ్ పిక్ అంటే ఆటగాడు కాదు, లాటరీ టికెట్. చాలా మంచి టికెట్టే, కానీ టికెట్టే. విచిత్రం, ఆ జేకబ్స్ తిరిగితిరిగి 2024లో ప్యాకర్స్‌లోనే తేలాడు.

కౌబాయ్స్‌ని సమర్థించేవాళ్ళు 1989 హెర్షల్ వాకర్ ట్రేడ్ ఎత్తుతారు. అప్పుడూ స్టార్‌ని ఇచ్చి, వచ్చిన పిక్‌లతో తొంభైల్లో ట్రోఫీలు గెలిచిన జట్టు కట్టారు. కాకపోతే మిన్నెసోటా ఇచ్చింది ఐదుగురు ఆటగాళ్ళని, ఒక గుట్ట పిక్‌లని. అప్పట్లో క్యాప్ కూడా లేదు. ఆ పోలిక విన్నప్పుడు ఎన్ని పిక్‌లో లెక్కపెట్టమనండి, వాదన అక్కడితో ఆగిపోతుంది.

తర్వాత ఏం జరిగిందంటే, సరిగ్గా నెలకి, సెప్టెంబరు 28న, పార్సన్స్ ప్రత్యర్థిగా కౌబాయ్స్ సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చాడు, మ్యాచ్ 40-40 టై. నవంబరు 4న డల్లాస్ 2027 ఫస్ట్, 2026 సెకండ్, ఇంకా మాజీ స్మిత్ (Mazi Smith) అనే ఆటగాణ్ణి ఇచ్చి జెట్స్ నుంచి డిఫెన్సివ్ ట్యాకిల్ క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకుంది. అంటే పార్సన్స్ వల్ల వచ్చిన వెసులుబాటుని మళ్ళీ డిఫెన్సివ్ ట్యాకిల్ మీదే పెట్టింది. డిసెంబరులో డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. ఆ రోజు 'చూశారా, మనమే గెలిచాం' అని పోస్టులు పెట్టినవాళ్ళని సీరియస్‌గా తీసుకోకండి. గాయాన్ని ఎవరూ ముందే లెక్కగట్టలేదు, ట్రేడ్ తెలివి దానివల్ల పెరగదు.

అభిమానుల గోలలో కూడా పనికొచ్చే ముక్క ఒకటి దొరుకుతుంది. ఇచ్చిన జట్టువాళ్ళూ తీసుకున్న జట్టువాళ్ళూ కలిసి ఒకే మాట అంటే (పార్సన్స్ విషయంలో డల్లాస్ తల పట్టుకుంది, గ్రీన్ బే పండగ చేసుకుంది), ధర ఎటు ఒరిగిందో తెలిసినట్టే. రెండు వైపులా సణుగుడు వినిపిస్తే బేరం సరిగ్గా కుదిరిందనుకోవచ్చు.

వార్త కనిపించగానే ఖాతా పేరు అక్షరం అక్షరం చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్ వార్తలు ముందుగా చెప్పే విలేకరులు ఆడమ్ షెఫ్టర్, ఇయాన్ రాపొపోర్ట్ పేర్లతో నకిలీ ఖాతాలు కోకొల్లలు, కోత వారంలో వాటికి పండగే. 'కొన్ని జట్లు ఫోన్ చేస్తున్నాయి' అని రాస్తే చేసింది జట్లు కాకపోవచ్చు. ధర పెంచుకోవాలనుకునే జట్టో, బేరం ముందుకు నెట్టాలనుకునే ఏజెంటో చెప్పించి ఉంటారు. 'ట్రేడ్ అడిగాడు' అన్నది విడాకుల నోటీసు కాదు, ఎక్కువసార్లు బేరంలో ఒక ఎత్తు: వాషింగ్టన్‌లో టెర్రీ మెక్‌లారిన్ 2025 జులై 31న ట్రేడ్ అడిగి ఆగస్టు 25న అదే జట్టుతో మూడేళ్ళకి సంతకం పెట్టాడు. 'ఒప్పందం కుదిరింది, ఫిజికల్ కావాలి' అంటే మాత్రం నమ్మొచ్చు. డాక్టర్ పరీక్షలో తప్పితేనే అది ఆగుతుంది.

కాంట్రాక్టు వార్తలో మొదటి అంకెని వదిలి, 'సంతకం నాడు పూర్తి గ్యారంటీ' ఎంతో వెతకండి. చివరి ఏళ్ళ జీతాలు చాలావరకు బోర్డు మీద రాసుకునే అంకెలే, గ్యారంటీ లేకపోతే జట్టు వదిలేయొచ్చు. లాస్ ఏంజెలిస్ చార్జర్స్ 2025 జులై చివర్లో ట్యాకిల్ రషాన్ స్లేటర్‌కి 11.4 కోట్ల కాంట్రాక్టు ఇచ్చింది, రెండు వారాలు తిరక్కుండా ప్రాక్టీసులో అతని మోకాలి టెండన్ తెగి సీజన్ పోయింది. గ్యారంటీ కోసం ఆటగాళ్ళు ఆగస్టులో అంత పట్టుబట్టేది అందుకే.

మీ ఆఫీసు ఫాంటసీ లీగ్ (నిజమైన ఆటగాళ్ళని ఎంచుకుని కాగితం మీద జట్టు కట్టే ఆట) డ్రాఫ్ట్ తేదీ మీ చేతిలో ఉంటే, దాన్ని కోత మంగళవారానికి ముందు పెట్టనివ్వకండి. 2025లో ఆగస్టు 24న డ్రాఫ్ట్ పెట్టుకున్నవాళ్ళకి మెక్‌లారిన్ ఆడతాడో లేదో తెలీదు, పార్సన్స్‌ని నమ్మి కౌబాయ్స్ డిఫెన్స్ తీసుకున్నవాళ్ళకి నాలుగు రోజుల్లో ఆ డిఫెన్స్ లేదు. లేబర్ డే సెలవుల ఆదివారం పెట్టుకుంటే కోత, వేవర్స్ రెండూ అయిపోయి ఉంటాయి, మొదటి గురువారం మ్యాచ్‌కి ఇంకా నాలుగు రోజులుంటుంది.